చెంగ్డూలో చెప్పులు, బీజింగ్‌లో పిల్లలు: మాండరిన్ యాసల వెనుక ఉన్న లెక్క

క్లుప్తంగా: పాఠ్యపుస్తకాల్లోని మాండరిన్‌కూ, చైనా వీధుల్లో వినిపించే మాండరిన్‌కూ మధ్య ఉన్న దూరం ఉచ్చారణ దోషాల వల్ల వచ్చినది కాదు. పుటోంగ్‌హువా అనే ప్రమాణ భాష ఇరవయ్యో శతాబ్దంలో సంప్రదింపులతో, ప్రభుత్వ ఆదేశాలతో రూపుదిద్దుకుంది. దాని చుట్టూ ఉన్న ప్రాంతీయ రూపాలు అంతకంటే పాతవి, ఒక్కోటి తన సొంత ధ్వని సూత్రాల ప్రకారం నడిచేవి. ఆ సూత్రాల్లో ముఖ్యమైనవి నాలుగైదు తెలిస్తే యాసలో చాలా భాగం విడిపోతుంది. పలుకుబడుల సంగతి అలా కాదు, వాటిని ఒక్కొక్కటిగా నేర్చుకోవలసిందే.

వైద్య విద్య కోసం చైనాకు వెళ్లిన తెలుగు విద్యార్థులకు ఒక ఇబ్బంది సాధారణంగా ఎదురవుతుంది. పాఠాలు ఇంగ్లిషులో సాగుతాయి. చైనీస్ భాషా తరగతిలో నేర్చుకున్న మాటలు ఆ ఉపాధ్యాయుడి నోట స్పష్టంగా అర్థమవుతాయి. తీరా ఆసుపత్రి వార్డులోకి అడుగుపెట్టాక, పల్లె నుంచి వచ్చిన ముసలి రోగి చెప్పే మాటల్లో సగం అంతుపట్టవు. నేర్చుకున్నది తప్పా, రోగి మాట్లాడుతున్నది వేరే భాషా అన్న సందేహం అప్పుడు కలుగుతుంది. రెండూ కావు. రోగి మాట్లాడుతున్నది చాలాసార్లు మాండరినే, అయితే అది ప్రమాణ భాషకు చెడిపోయిన రూపం కాదు, దానికంటే ముందే పుట్టి పెరిగిన మరో రూపం.

ఒకే పేరు కింద మూడు విషయాలు

మాండరిన్ యాస అన్న మాట కింద మూడు వేర్వేరు సంగతులను కలిపేయడం వల్లనే గందరగోళంలో సగం పుడుతోంది. మొదటిది, మాండరిన్ కుటుంబంలోనే ఉన్న మాండలికాలు. ఈశాన్యాన హార్బిన్ నుంచి నైరుతిన కున్‌మింగ్ వరకు, అంటే నేరుగా కొలిచినా మూడు వేల కిలోమీటర్లకు పైబడిన దూరంలో, జనం ఇళ్లలో మాట్లాడుకునేవి ఇవే. 1987లో వెలువడిన చైనా భాషా పటం వీటిని ఈశాన్య, బీజింగ్, నైరుతి వంటి ఎనిమిది శాఖలుగా విభజించింది.

రెండవది, ఇంట్లో కాంటనీస్, హొక్కియన్, షాంఘై భాష వంటివి మాట్లాడేవారు బడిలో నేర్చుకున్న పుటోంగ్‌హువాలో మాతృభాష వదిలిన జాడ. కాంటనీస్ మాండరిన్‌కు యాస కాదు. రెండింటి మధ్య దూరం తెలుగుకూ కన్నడానికీ మధ్య ఉన్న దూరం లాంటిది. కాబట్టి కాంటనీస్ నగరమైన గ్వాంగ్‌జౌ వాసి పలికే మాండరిన్‌నూ, సిచువాన్ రాష్ట్ర రాజధాని చెంగ్డూ వాసి పలికే మాండరిన్‌నూ ఒకే గాటన కట్టడం సరికాదు. మొదటి వ్యక్తి వేరే భాషను తన నోటికి అమర్చుకుంటున్నాడు, రెండో వ్యక్తి తన భాషలోనే ఒక ధ్వని వ్యవస్థ నుంచి మరో ధ్వని వ్యవస్థలోకి మారుతున్నాడు.

మూడవది, తైవాన్‌లో గ్వోయు అనీ సింగపూర్‌లో హువాయు అనీ పిలిచే రూపాలు. వీటికి సొంత బడులు, సొంత ప్రసార మాధ్యమాలు, సొంత మర్యాదలు ఉన్నాయి. బీజింగ్ ప్రమాణంతో కొలిచి వీటిని యాసలు అనడం కన్నా, పక్కపక్కనే నడుస్తున్న ప్రమాణాలు అనుకోవడమే వాస్తవానికి దగ్గర.

మంత్రుల మాట, ఓట్ల ఉచ్చారణ

మాండరిన్ అన్న పేరు చైనా వారు పెట్టుకున్నది కాదు. సంస్కృతంలోని మంత్రి శబ్దం మలయ్‌లో మెంతెరి అయి, పోర్చుగీసు వారి నోట మందరిం అయి, చైనా అధికారులకూ వారి భాషకూ పేరుగా నిలిచింది. చైనా వారు కూడా ఆ భాషను గువాన్‌హువా, అంటే అధికారుల మాట అనేవారు. పేరు ఎవరు పెట్టినా అర్థం ఒక్కటే: ఏ ప్రాంతపు ఇంటి భాషా కాదు, కచేరీ భాష. మింగ్ రాజవంశ కాలంలోనూ, తర్వాత వచ్చిన చింగ్ వంశపు పాలన తొలి దశలోనూ దానికి మన్నన తెచ్చిన ఉచ్చారణ నాన్‌జింగ్ వైపుది. బీజింగ్ ఉచ్చారణకు పైచేయి లభించింది పంతొమ్మిదో శతాబ్దంలోనే. ఫూజియన్, గ్వాంగ్‌డాంగ్ ప్రాంతాల అధికారులు చెప్పేది తనకు బోధపడటం లేదని 1728లో యోంగ్‌జెంగ్ చక్రవర్తి ప్రత్యేకంగా ఆజ్ఞ జారీ చేసి, అక్కడ సరైన ఉచ్చారణ నేర్పే పాఠశాలలు పెట్టించవలసి వచ్చింది. అవి పెద్దగా ఫలించలేదు.

రాచరికం పోయాక 1913లో ఉచ్చారణ ఏకీకరణ సభ బీజింగ్‌లో సమావేశమై, ఆరు వేలకు పైగా అక్షరాల ఉచ్చారణను ప్రతినిధుల ఓట్లతో నిర్ణయించింది. ఉత్తరాదినీ దక్షిణాదినీ మెప్పించే ప్రయత్నంలో తయారైన ఆ ఉచ్చారణ దేశంలో ఎవరికీ మాతృభాష కాలేకపోయింది. దాన్ని గ్రామఫోన్ రికార్డుల్లోకి ఎక్కించిన భాషావేత్త యుయెన్ రెన్ చావ్, పదమూడేళ్లపాటు ఆ భాష మాట్లాడినవాణ్ని తానొక్కణ్నేనని తర్వాత చమత్కరించారు. 1932లో ఆ రాజీని పక్కనపెట్టి, బీజింగ్ ఉచ్చారణనే ఆధారం చేసుకున్న పదపట్టికను ప్రచురించారు. కమ్యూనిస్టు ప్రభుత్వం 1955లో, మళ్లీ 1956 ఫిబ్రవరి ఆదేశంలో ఈ ప్రమాణాన్ని నిర్వచించింది: ధ్వనులు బీజింగ్‌వి, పదజాలానికి పునాది ఉత్తరాది మాండలికాలు, వ్యాకరణానికి ఒరవడి ఆధునిక వ్యావహారిక రచనలు.

ఈ నిర్వచనంలో తరచూ మరచిపోయే సంగతి ఒకటుంది. బీజింగ్ ధ్వని వ్యవస్థను తీసుకున్నారు గాని బీజింగ్ గల్లీ భాషను తీసుకోలేదు. అందుకే రాజధానిలో పుట్టి పెరిగిన టాక్సీ డ్రైవరు మాట వార్తలు చదివే వ్యక్తి మాటకు చాలా దూరంగా ఉంటుంది. నిజానికి పుటోంగ్‌హువాకు అతి దగ్గరగా మాట్లాడే ప్రాంతంగా హెబెయ్ రాష్ట్రంలోని లువాన్‌పింగ్ అనే జిల్లా ప్రసిద్ధి పొందింది. 1953లో తమ ఊళ్లలోనే ఉచ్చారణ నమూనాలు సేకరించారని అక్కడివారు గర్వంగా చెప్పుకుంటారు.

యాసకు ఒక లెక్క ఉంది

మాండరిన్ యాసలను విడదీసే ధ్వని మార్పులు కొన్నే, అవి క్రమం తప్పవు. వాటిలో అందరికీ తెలిసినది స, ష భేదం చెరిగిపోవడం. ప్రమాణ భాషలో నాలుగు సంఖ్య సి, పది సంఖ్య షి. నాలుక మడిచి పలికే ధ్వనులు లేని చెంగ్డూ, వూహాన్ ప్రాంతాల్లోనూ, దక్షిణ చైనాలో చాలా చోట్లా, తైవాన్‌లోనూ ఈ రెండూ దాదాపు ఒకటే అవుతాయి. నాలుగంటే నాలుగు, పదంటే పది అనే అర్థం వచ్చే సి షి సి, షి షి షి అన్న నోరుతిరగని వాక్యంతో పిల్లలకు సాధన చేయించడం ఇందుకే. భాషను బాస అనీ, శనివారాన్ని సనివారం అనీ పలికే నోళ్లు మన ఊళ్లలోనూ ఉన్నాయి కనుక ఈ మార్పు తెలుగువారికి వింతగా తోచదు. దీనికి తోడుగా నడిచేది చకారపు మార్పు. తెలుగులో చీమ లోని తాలవ్య చకారమూ, చలి లోని దంత్య చకారమూ వేరు. చెంగ్డూ నోట ప్రమాణ భాషలోని మడత చకారాలన్నీ చలి లోని చకారం వైపు జరిగిపోతాయి.

న, ల కలిసిపోవడం మరొకటి. యాంగ్జీ నది వెంట చాలా చోట్ల ఈ రెంటికీ తేడా పాటించరు. ఆవుపాలను న్యూనాయ్ అనవలసిన చోట ల్యూలాయ్ అని వినిపిస్తుంది. హ, ఫ తారుమారు కావడం కూడా అలాంటిదే. హొక్కియన్ కుటుంబపు భాషల్లో ఫకారం లేదు, అందువల్ల ఫూజియన్ రాష్ట్రీయులు తమ రాష్ట్రాన్నే హూజియన్ అంటారని మిగిలినవారు నవ్వుకుంటారు. ఇక షియాన్‌లో నీళ్లు షుయ్ కాదు, ఫెయ్. ఈశాన్యంలో రకారం యకారమవుతుంది కాబట్టి మనిషి అన్న అర్థంలోని రెన్ అక్కడ యిన్, మాంసం అన్న అర్థంలోని రౌ అక్కడ యౌ.

ఈ వ్యాసం శీర్షికలోని చెప్పుల కథ వీటన్నిటికంటే లోతైనది. పాదరక్షలను ప్రమాణ భాషలో షియేజి అంటారు. సిచువాన్‌లో, వూహాన్‌లో అదే మాట హైజి. బీజింగ్ వాసికి హైజి అంటే పిల్లవాడు. చెప్పు పోయిందని సిచువాన్ మనిషి మొత్తుకుంటుంటే పిల్లవాడు తప్పిపోయాడనుకుని జనం పరుగులు తీసిన హాస్య కథలు ఈ ఒక్క మాట మీదే లెక్కలేనన్ని ఉన్నాయి. ఇక్కడ మారినది సిచువాన్ కాదు. పూర్వం కంఠ్యంగా ఉన్న క, గ, హ ధ్వనులు ఇకారపు పొరుగున చేరినప్పుడు ఉత్తరాదిలో తాలవ్యమయ్యాయి, నైరుతిలో కొన్ని మాటల్లో పాత ధ్వనే నిలిచింది. వీధిని బీజింగ్‌లో జియే అంటే చెంగ్డూలో గాయ్ అనడం కూడా అందుకే. కన్నడంలో కివి అన్నది తెలుగులో చెవి అయినట్టే ఇది కూడా. రాజధాని పేరు ఒకప్పుడు పెకింగ్ అన్న రూపంలో ప్రపంచానికి తెలియడానికి కారణం కూడా ఈ పాత కకారమే.

స్వరాలు తలకిందులైన చోట

ధ్వనుల కన్నా ఎక్కువ తికమక పెట్టేవి స్వరాలు. ప్రమాణ భాషలో ప్రతి అక్షరాన్నీ నాలుగు స్వరాల్లో ఒకదానితో పలుకుతారు: సమంగా ఎత్తుగా సాగేది, పైకి లేచేది, కిందికి దిగి లేచేది, ఒక్కసారిగా పడేది. చెంగ్డూలోనూ స్వరాలు నాలుగే, ఏ మాట ఏ వర్గానికి చెందుతుందో కూడా చాలావరకు అదే. మారేది ఆ వర్గాల రూపం. బీజింగ్‌లో దిగి లేచే మూడో స్వరం చెంగ్డూలో పైనుంచి పడుతుంది, బీజింగ్‌లో పడే నాలుగో స్వరం చెంగ్డూలో దిగి లేస్తుంది. కొనడం, అమ్మడం రెండూ మాయ్ అనే పలుకులే, మొదటిది మూడో స్వరం, రెండవది నాలుగో స్వరం. అంటే చెంగ్డూ సంతలో కొంటానన్న మాట బీజింగ్ చెవికి అమ్ముతానన్నట్టు, అమ్ముతానన్నది కొంటానన్నట్టు వినపడే ప్రమాదముంది. మార్పు క్రమబద్ధమైనది కనుక చెవి కొద్ది రోజుల్లోనే సర్దుకుంటుంది. క్రమం లేని చిన్న తేడా కన్నా క్రమమున్న పెద్ద తేడాను మెదడు తొందరగా పట్టుకుంటుంది.

బీజింగ్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోనే ఉన్న తియాన్‌జిన్‌లో మొదటి స్వరం ఎత్తుగా కాక మంద్రంగా ఉంటుంది. చుట్టూ ఉన్న హెబెయ్ పల్లెల మాటకు భిన్నంగా ఈ నగరం ఒక ద్వీపంలా మిగిలింది. 1404లో ఇక్కడ సైనిక స్థావరం ఏర్పడినప్పుడు అన్‌హుయ్ వైపు నుంచి వచ్చిన సైనికులు, వారి కుటుంబాలు తెచ్చిన మాటే దీనికి మూలమని ఎక్కువ మంది పరిశోధకులు భావిస్తారు. వలసలే యాసను నిర్ణయించాయన్నది మిగిలిన చోట్లకూ వర్తిస్తుంది. చింగ్ పాలన తొలినాళ్లలో యుద్ధాలతో ఖాళీ అయిన సిచువాన్‌ను హుబెయ్, హునాన్ ప్రాంతాల వలసదారులు నింపారు, ఈశాన్యాన్ని పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి షాన్‌డాంగ్, హెబెయ్ రైతులు నింపారు. ఈశాన్యపు మాట అంత విశాల ప్రాంతంలో కూడా దాదాపు ఒకే తీరుగా ఉండటానికి అది కొత్తగా స్థిరపడిన నేల కావడమే కారణం.

బీజింగ్ నాలుక మడత

బీజింగ్ యాసకు గుర్తు పదాంతంలో చేరే అర్ ధ్వని. దీన్ని కేవలం అలంకారం అనుకోవడం పొరపాటు, కొన్నిచోట్ల అది అర్థాన్నే మార్చేస్తుంది. థౌ అంటే తల, దానికి అర్ చేరితే పైఅధికారి. యెన్ అంటే కన్ను, అర్ చేరితే చిన్న రంధ్రం. బాయ్‌మియెన్ అంటే గోధుమపిండి, అర్ చేరితే హెరాయిన్. దక్షిణాది వారిలో చాలామంది ఈ ధ్వనిని పలకరు, పలకబోయినా పొసగదు.

దీనితోపాటు బీజింగ్ వాసులు వేగంగా మాట్లాడేటప్పుడు మధ్య అక్షరాలను మింగేస్తారు. టమాటాను షీహోంగ్‌షి అనవలసింది పోయి షియోంగ్‌షి అనేస్తారు. నగరంలోని పాత వర్తక వీధి దాషిలార్ పేరును లిపిలో ఉన్నట్టు చదివితే దాజాలాన్ అని రావాలి, అలా చదివినవారు ఊరికి కొత్తని వెంటనే తెలిసిపోతుంది.

మాటలు ఎక్కడివి, ఎక్కడికి వెళ్లాయి

ఉచ్చారణకు సూత్రాలున్నాయి గాని పలుకుబడులకు లేవు. సరే అనడానికి హెనాన్‌లో జోంగ్ అంటారు, సిచువాన్‌లో యావ్‌దె అంటారు. బాగుంది, హాయిగా ఉంది అనడానికి సిచువాన్ మాట బాషి. అక్కడి టీ దుకాణాల్లో గంటల తరబడి సాగే బాతాఖానీకి లోంగ్‌మెన్‌జెన్ అనీ, భార్య మాట జవదాటని భర్తకు మెత్తని చెవి అన్న అర్థంలో ఫా అర్‌దో అనీ పేర్లున్నాయి. వూహాన్‌లో ఉదయపు ఫలహారం తినడాన్ని గ్వోజావ్ అంటారు, మాటకు మాట అర్థం చూస్తే పొద్దు గడపడం. జినాన్‌లో దారి అడిగేటప్పుడు ముక్కూమొహం తెలియని మనిషిని కూడా లావ్‌షి, అంటే పంతులుగారూ, అని సంబోధిస్తారు. బయటి ఊళ్ల నుంచి వచ్చినవారు తమను ఎవరో ఉపాధ్యాయులుగా పొరబడ్డారనుకోవడం పరిపాటి.

ఈశాన్యపు మాటల ప్రయాణం ప్రత్యేకమైనది. రైలు మార్గంతోపాటు వచ్చిన రష్యన్ల వల్ల హార్బిన్‌లో రొట్టెకు లియెబా, గౌనుకు బులాజి అన్న పేర్లు మిగిలాయి. అవి ఆ చుట్టుపక్కలే ఎక్కువగా నిలిచిపోగా, మాయమాటలతో బుట్టలో వేసుకోవడం అనే అర్థమున్న హూయౌ మాత్రం దేశమంతా పాకింది. 2001లో చైనా కేంద్ర టెలివిజన్ కొత్త సంవత్సరపు వేడుకల ప్రసారంలో హాస్యనటుడు జావ్ బెన్‌షాన్, కాళ్లు బాగానే ఉన్న మనిషికి ఊతకర్ర అంటగట్టే మోసగాడిగా నటించిన నాటిక దీనికి దోహదం చేసింది. కబుర్లాడటాన్ని లావ్‌ఖ అనడం, ఏ పనినైనా జెంగ్ అన్న ఒక్క క్రియతో చెప్పేయడం కూడా ఇలాంటి హాస్య ప్రదర్శనల ద్వారానే దక్షిణాదికి చేరాయి.

ఇందులో ఒక వైరుధ్యం ఉంది. ధ్వనుల్లో ప్రమాణ భాషకు ఈశాన్యపు మాట చాలా దగ్గర, కాబట్టే దేశమంతటికీ సులభంగా అర్థమవుతుంది, కాబట్టే హాస్యానికి పనికొచ్చింది. హాస్యానికి వాడగా వాడగా ఆ యాస వింటేనే నవ్వు వచ్చే స్థితి ఏర్పడి, గంభీరమైన సందర్భాల్లో దాని విలువ తగ్గింది. తెలంగాణ యాసను చాలాకాలం హాస్య పాత్రలకూ ప్రతినాయకులకూ అంటగట్టిన తెలుగు సినిమా చరిత్ర తెలిసినవారికి ఈ క్రమం కొత్తది కాదు. తేడా ఏమిటంటే, ఈశాన్యపు యాసను తెరకెక్కించినవారిలో అధికులు ఆ ప్రాంతం వారే.

తైవాన్, సింగపూర్ మాటల్లో ప్రమాదం మరో రకమైనది: మాట ఒకటే, అర్థం వేరు. తూదౌ అంటే చైనాలో బంగాళాదుంప, తైవాన్‌లో వేరుశనగ. వోషిన్ అంటే చైనా ఉత్తరాదిలో లోలోపల కుమిలిపోవడం, తైవాన్‌లో మనసు నిండిపోవడం. చెత్తను చైనాలో లాజి అనీ తైవాన్‌లో లెసె అనీ చదువుతారు, రాసే అక్షరాలు మాత్రం రెండు చోట్లా ఒకటే. 1979లో మాండరిన్ మాట్లాడండి అనే ఉద్యమం మొదలుపెట్టిన సింగపూర్‌లో బజారుకు బాషా అన్న మాట మలయ్ పసార్ నుంచి వచ్చింది, దాని వెనుక ఉన్న పారసీ బాజార్ మన బజారుకూ మూలమే.

మార్కులు, నిషేధాలు, కొత్త మిశ్రమాలు

ఉచ్చారణకు ప్రభుత్వం మార్కులు వేయడం 1994లో మొదలైంది. పుటోంగ్‌హువా పరీక్షలో మూడు శ్రేణులు, ఒక్కో శ్రేణిలో రెండు తరగతులు. అన్నిటికన్నా పై తరగతికి నూటికి 97 మార్కులు రావాలి, పెద్ద ప్రసార సంస్థల్లో వార్తలు చదివేవారి నుంచి ఆశించేది ఆ స్థాయే. ఉపాధ్యాయుడికి కనీసం 80, చైనీస్ బోధించేవారికి 87. ఈ లెక్కన యాస అన్నది ఉద్యోగార్హతను తేల్చే అంశమైంది. 2004లో విదేశీ కార్యక్రమాలను ప్రాంతీయ మాటల్లోకి అనువదించి ప్రసారం చేయడాన్ని ప్రభుత్వ ప్రసార నియంత్రణ సంస్థ నిషేధించింది. పిల్లీ ఎలుకల కార్టూన్‌కు సిచువాన్, షాంఘై వంటి మాటల్లో వచ్చిన అనువాదాలు అప్పటికి జనంలో బాగా పాకి ఉన్నాయి. మరుసటి ఏడాది వ్యాఖ్యాతలు హాంకాంగ్, తైవాన్ యాసలను అనుకరించరాదన్న సూచన వెలువడింది. 2015 నాటికి గాలి కొంత మళ్లి, అంతరించిపోతున్న ప్రాంతీయ రూపాలను రికార్డు చేసి భద్రపరిచే పథకాన్ని అదే ప్రభుత్వం చేపట్టింది. బడిలో వద్దన్నదాన్ని భాండాగారంలో దాచడం మొదలైందన్నమాట.

ప్రభుత్వ లెక్కల ప్రకారం 2000లో జనాభాలో 53.06 శాతం మందికి పుటోంగ్‌హువా వచ్చు, 2020కి అది 80.72 శాతమైంది. దీనివల్ల యాసలు మాయమవుతాయన్న అంచనా పూర్తిగా నిజం కాలేదు. పాత మాండలికం పలచబడుతున్న చోట, మాండలికపు రంగు అంటిన ప్రమాణ భాష పుట్టుకొస్తోంది. చాంగ్‌షా వాసులు తమ మిశ్రమాన్ని తామే ప్లాస్టిక్ పుటోంగ్‌హువా అంటారు. సిచువాన్ మిశ్రమానికి చువాన్‌ఫూ అని పేరు. అమెరికా అధ్యక్షుడు ట్రంప్ పేరును తైవాన్‌లో రాసేది కూడా సరిగ్గా ఇవే రెండు అక్షరాలతో కావడం వల్ల సిచువాన్ వారికి ఒక ఉచిత హాస్యం దొరికింది. పట్టణాల్లో యువకుల నోట వినిపించేది ఎక్కువగా ఈ మిశ్రమమే. అందులో స, ష తేడా ఉండదు, స్వరాలు మాత్రం బీజింగ్‌కు దగ్గరగా వచ్చేస్తాయి, బాషి వంటి మాటలు చెక్కుచెదరవు.

వార్డులోని విద్యార్థికి అసలు కష్టం ఈ యువకులతో కాదు, వారి నాయనమ్మలతో. తలనొప్పిని పాఠ్యపుస్తకం థౌథెంగ్ అంటుంది. సిచువాన్ ముసలమ్మ తలను నావ్‌ఖ అంటుంది, నొప్పిని థోంగ్ అంటుంది, పైగా నకారం లకారం కావడంతో ఆ మాట లావ్‌ఖ థోంగ్ అని చెవిన పడుతుంది. హార్బిన్‌లో మోకాలు దెబ్బతిన్న రోగి షీగాయ్ అనే పుస్తకపు మాట వాడకుండా బొలెంగ్‌గాయ్ అంటాడు. మొదటి సందర్భంలో ధ్వని సూత్రం సగం దారి చూపుతుంది. రెండో సందర్భంలో సూత్రమేదీ అక్కరకు రాదు, రోగి మోకాలి మీద చెయ్యి వేసి చూపించవలసిందే.